నేల సంగతి అడిగితే అభివృద్ధి వ్యతిరేకులమా?

సిరొంచలో మళ్లీ అదే మాట. కొత్త రోడ్డు రానివ్వండి, అడ్డం మాట్లాడకండి అంటున్నారు. రోడ్డు వద్దని మేమెప్పుడన్నాం? జిల్లా కేంద్రం గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్ల పైన దూరంలో ఉన్నవాళ్లం. రోడ్డు మనకంటే ఎవరికి కావాలి? రోడ్డు కింద నేల ఎలాంటిదో చెప్పమంటున్నాం, అంతే.

మేడిగడ్డనే చూడండి. 2019 జూన్‌లో ప్రారంభించారు. నీళ్ల కోసమే కాదు, మన పోచంపల్లి ఒడ్డు నుంచి తెలంగాణకు అదొక దారి కూడా. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి, రాకపోకలు బందయ్యాయి. పునాది రాఫ్టు కింద ఇసుక కొట్టుకుపోయిందని నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ కమిటీ చెప్పింది. ప్లానింగు నుంచి నిర్వహణ దాకా అన్నిట్లో లోపాలు చూపించింది. గోదావరి ఇసుక నిలవదని తెలియడానికి కమిటీ దాకా పోవాలా? ఏ రేవులో కాలు దిగబడుతుందో మన గొర్రెల కాపరికి తెలుసు.

"ప్రకృతి వైపరీత్యం, ఎవరేం చేస్తారు" అంటారు కొందరు. అరవ బడిలో చదువుకున్నవాళ్లం, అరియలూరు పేరు మాకు కొత్త కాదు. 1956 నవంబరులో అక్కడ వరదకు వంతెన పోయి రైలు పడింది. అంతకు ముందు సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గరా అంతే. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వరద మీదికి నెట్టలేదు, రాజీనామా ఇచ్చారు.

రైల్వే అంతా సక్రమమని కాదు. 2005లో వలిగొండ దగ్గర వరదకు చిన్న వంతెన పోతే వందమందికి పైగా చనిపోయారు. అయినా రైల్వేలో ఒక పద్ధతి ఉంది. బలహీన స్థలాలకు రిజిస్టరు ఉంటుంది. వంతెన స్తంభం మీద ప్రమాద మట్టం గీసి ఉంటుంది. వానాకాలం రాత్రుళ్లు పెట్రోల్‌మన్ లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడుస్తాడు, తన బీటు చివర అవతలివాడితో పుస్తకం మార్చుకుంటాడు. నడిచాడా లేదా అన్నదానికి ఆ పుస్తకమే సాక్ష్యం.

మరి సిరొంచ నుంచి అసరెల్లి, పాతగూడెం దాకా పోయే రోడ్డుకు, ఆలాపల్లి రోడ్డుకు అలాంటి పుస్తకం ఎవరి దగ్గరుంది? నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. పైన తారు మార్చితే కింద నేల మారుతుందా?

బోరు వేసి చూసిన మట్టి వివరాలు, మునిగే చోట్ల పట్టిక మృగశిర కార్తెలోపు ప్రతి పంచాయతీ గోడ మీద పెట్టాలి. మరాఠీలో, తెలుగులో, రెండింట్లోనూ.