బంగారు గనులు నేర్పిన పాఠము

ములకలపల్లి అడవులకు ఎంతో దూరములో లేని కొత్తగూడెం, ఇల్లందు బొగ్గును నల్ల బంగారమని మనము గర్వముగా చెప్పుకొంటున్నాము. నిజమైన బంగారమునే త్రవ్విన ఊళ్ళు గని మూతపడిన పిదప ఏమైనవో తెలిసికొనుట కూడ మన విద్యార్థులకు అవసరమని మేము భావిస్తున్నాము.

చిత్తూరు జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్న కోలారు గనులను 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్ల కంపెనీ చేపట్టినది. తమిళ, తెలుగు జిల్లాల నుండి నిరుపేదలు, అందునా అంటరానితనమునకు గురియైనవారు, కూలికై అక్కడకు వలసపోయినారు. శివనసముద్రం నుండి 1902లోనే విద్యుత్తు వచ్చినది. గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతునకు దిగినవి. నూట ఇరువది ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారము పైకి వచ్చినది. కార్మికులకు మిగిలినది చాలీచాలని కూలి, ఊపిరితిత్తులను తినివేసే రాతి ధూళి.

లోతు పెరిగినకొలది ఖర్చు పెరిగినది, రాతిలో బంగారము తరిగినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. నేడు అక్కడ కనిపించేవి తుప్పుపట్టిన యంత్రములు, నీట మునిగిన సొరంగములు, సైనైడుతో బంగారమును తీసివేయగా మిగిలిన 3 కోట్ల టన్నులకు పైబడిన పిండి గుట్టలు. గాలి వీచిన ప్రతిసారి ఆ పిండి బస్తీలపై పడుతుంది. అక్కడి యువకులు తెల్లవారక మునుపే రైలెక్కి కూలికై బెంగుళూరు పోతున్నారు. రాయలసీమలోని రామగిరి గనుల కథయు ఇట్టిదే. ఆంగ్లేయుల కాలమున ఒకమారు, భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ చేతిలో మరియొకమారు తెరువబడి, రెండు మార్లు మూతపడినవి.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. 1886లో నిజాం రాజ్యమున ఖనిజ హక్కులు పొందిన హైదరాబాదు దక్కను కంపెనీయే ఇల్లందులో బొగ్గు త్రవ్వినది, రాయచూరు ప్రాంతములో బంగారమునకై పూనుకొన్నది. బొగ్గైనా, బంగారమైనా తరుగనిది కాదు.

లాభము లేని గనిని ఎంతకాలము నడుపవలెనని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. గనిని మూయుట తప్పని మేమనము. ఊరిని సిద్ధము చేయక మూయుట తప్పు. గని మూసివేతకు ముందుగానే ప్రణాళిక ఉండవలెనను నిబంధన మన దేశమున 2003లో వచ్చినది. కోలారు కార్మికులకు అది రెండేండ్లు ఆలస్యమైనది. మన ప్రాంత ప్రజలకైనా అది కాగితముగా మిగిలిపోరాదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండు విషయములు. గని ఒక్కదానినే నమ్ముకొనక ఇతర వృత్తులలో నిలువగల శిక్షణ విద్యార్థులకు ఇప్పించండి. వృద్ధ కార్మికుల అనుభవములను తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించి మన గ్రంథాలయమున భద్రపరచండి. హాజరు, సర్దార్, తట్టా చెమ్మస్ అనే మాటలలోనే మన రెండు భాషలు గనిలో కలిసి చెమటోడ్చిన చరిత్ర ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! ఈ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు. త్రవ్విన బంగారము ఎన్ని టన్నులో కంపెనీ లెక్కలు చెబుతాయి. త్రవ్విన చేతుల కథను మనమే వ్రాసికొనవలె.