పరిశోధనాలయములు – స్వదేశి

1930లో మన తీరవాసులు ఉప్పు చట్టమును ధిక్కరించిరి. ఎదుట సముద్రముండగా ఉప్పునకు పరులకు పన్ను చెల్లించుట వారికి దుస్సహమయ్యెను. నేడు నెల్లూరు తీరమువారు ఆలోచింపదగిన మరియొక వింత కలదు. మన యొడలిలో క్షణక్షణము పుట్టుచున్న పదార్థములనే మన పరిశోధనాలయములు తరచుగా విదేశములనుండి కొనుచున్నవి. అవియే జీవక్రియను నడపు ఎంజైములు.

తిన్న యన్నము శక్తిగా మారుటకును, కణములు వృద్ధిపొందుటకును ఎంజైములే సాధనములు. పరిశోధనకై వీనిని మనుష్యశరీరము నుండి తీయ నక్కరలేదు. ఎంజైమును నిర్మించు జన్యువును ఒక సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టినచో, పాలలో తోడు పెరిగినట్లు ఆ జీవి పెరుగుచు, మానవ ఎంజైమును తానే తయారుచేయును. పిదప కణములను పగులగొట్టి, తక్కినవానిని తొలగించి, శుద్ధమైన భాగమును గడ్డకట్టు చలిలో నిలువయుంచుదురు. 1973లో అమెరికాలో ఆరంభమైన ఈ విద్య 1978లో మానవ ఇన్సులిన్ నిర్మాణమునకు దారితీసెను. పరిశోధనకై చేసిన ఎంజైము రోగి కిచ్చునది కాదు. క్రొత్త మందు దాని పనిని ఆపగలదో లేదో పరీక్షించుటకు ఉపయోగించునది.

ఈ విషయమున ఆంధ్రులకు ప్రత్యేకమైన బాధ్యత కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నడపిన బృందము అమినోప్టెరిన్ అను మందును సిద్ధపరచెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, కొందరికి తాత్కాలికముగ నైనను నెమ్మదించుట చూచి, 1948లో ప్రకటించెను. ఆ యేటనే ఆగస్టులో సుబ్బారావుగారు గతించిరి. ఆ జాతి మందులు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజు అను ఎంజైమును బంధించునని తేలినది 1958 నాటి మాట. వానిలో మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడుకలో నున్నది. ఆంధ్రుని బృందము రూపొందించిన మందు ఏ ఎంజైమును పట్టునో, ఆ ఎంజైమునే ఆంధ్రవిద్యార్థి పరదేశపు చీటీగల చిన్న గొట్టములో కొనుచు, అది చేరువరకు పని నిలుపుకొని కూర్చుండుట మనకు గౌరవము కాదు.

మనకు శక్తి లేదందురా? నెల్లూరు జిల్లాలో జన్మించిన వరప్రసాదరెడ్డిగారు 1993లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించి, 1997లో హెపటైటిస్-బి టీకాను ఈ విద్యచేతనే దేశమున కందించిరి. ఆ సంస్థ 2009లో ఫ్రెంచి కంపెనీ చేతికి పోయినను, అచట పండిన విద్య పోలేదు. మన తీరమునగల శ్రీహరికోటనుండి, నేడది తిరుపతి జిల్లాలోనిదైనను, ఉపగ్రహములను ఎగురవేయుచున్నాము. అట్టివారికి ఒక గొట్టెడు ఎంజైము అసాధ్యమా? 2003లో పూర్తియైన మానవ జన్యుపటము సర్వజనసామాన్యమైయున్నది. నాడు ఉప్పునకు చట్టము అడ్డు. నేడు దీనికి మన యుదాసీనతయే అడ్డు.

ఇది పండితులకు మాత్రమే సంబంధించిన విషయమని రైతులు తలంపరాదు. రొయ్యపిల్లలయందు తెల్లమచ్చ తెగులు కలదో లేదో తెలుపు పి.సి.ఆర్. పరీక్ష సైతము ఎంజైముతోనే నడచును. ఆ ఎంజైమును తయారుచేయు విధానమును ఇట్టిదే. ఒకటి నేర్చినవారు రెండవదానిని చేయగలరు.

ఐనను మేమొక హెచ్చరిక చేయుచున్నాము. స్వదేశి యను పేరు నాసిసరకునకు ముసుగు కారాదు. కల్తీ ఎంజైము అబద్ధపు ఫలితము నిచ్చును. అబద్ధపు ఫలితము ఏండ్ల శ్రమను నీటిపాలు చేయును. కావున శుద్ధతను, బలమును పరీక్షించి, ఆ లెక్కను ప్రతి గొట్టముతో జతపరచి యిచ్చుట ధర్మము.

నెల్లూరి విశ్వవిద్యాలయము మొదట డైహైడ్రోఫోలేట్ రిడక్టేజునే విద్యార్థులచేత చేయించి, ఇరుగుపొరుగు కళాశాలలకు అసలు ఖరీదునకే యిచ్చుగాక. వెంకటగిరి రాజావారి పేర వెలసిన కళాశాల యిచట మన కండ్లయెదుట నున్నది. ఒకప్పుడు విద్యకు భూస్వాములు పోషకులైరి. నేడు వరిచేలవలనను, రొయ్యల చెరువులవలనను సంపన్నులైనవారు ఒక శీతలపేటికకు, ఇద్దరు విద్యార్థుల వేతనమునకు పూనుకొనలేరా? పల్లెపాడున గాంధీమహాత్ముడు 1921లో ఆశ్రమమును ప్రారంభించినపుడు రాట్నము మనకు స్వావలంబన నేర్పెను. ఆ పాఠమును పరిశోధనాలయమున చదువవలసిన కాలము వచ్చినది.