పాచిక ఎంత? ప్రజ్ఞ ఎంత?

బ్రిస్బేన్ నగరానికి దక్షిణాన ఉన్న సన్నీబ్యాంక్ పరిసరాలలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు తమ ప్రతిభకు కొలతగా ఒక అంకె ఉంటుందన్న సంగతి చిన్ననాడే తెలిసిపోతున్నది. చదరంగం ఆడే అబ్బాయికి ఒక రేటింగు. ఇంటర్నెట్టులో పాచికల ఆట ఆడే అమ్మాయికి మరొక రేటింగు. తల్లిదండ్రులు ఈ రెండింటినీ ఒకే దృష్టితో చూస్తున్నారు. వరంగల్లు యువకుడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు ప్రపంచ జాబితాలో 2801 అంకెను అందుకొన్నప్పుడు తెలుగువారందరూ పొందిన ఆనందం సహజమైనదే. ఆ అంకెకు గల గౌరవం పాచికల ఆట అంకెకు కూడా అప్రయత్నంగా సంక్రమిస్తున్నది. అయితే ఈ రెండు అంకెలూ ఒకే విధమైన సాక్ష్యాలు కావు. చదరంగంలో ఓడినవాడు తన ఎత్తును తప్పు పట్టుకోవాలి. పాచికల ఆటలో ఓడినవాడికి ఆ తప్పు తనదో, పాచికదో తెలియదు. ఈ రెండింటినీ విడదీయడం ఎట్లా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం పాఠకులకు సుపరిచితమే. జూదంలో రాజ్యం పోగొట్టుకొన్న నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణ మహారాజు వద్ద సారథిగా కుదురుతాడు. విదర్భకు పోయే దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులెన్నో కాయలెన్నో చెబుతాడు. నలుడు రథం ఆపి, చెట్టు నరికి లెక్కించగా ఆ లెక్క సరిపోతుంది. ఆ రాజుకు తెలిసిన విద్య అక్షహృదయం, అనగా పాచికల మర్మం. ప్రాచీన కాలంలో తాండ్రకాయలనే పాచికలుగా వాడేవారన్నది గమనింపదగినది. కొమ్మను చూచి చెట్టును అంచనా వేసే విద్యా, పాచికల విద్యా ఒక్కటేనని ఆనాటి కథకునికి తోచడం ఆశ్చర్యకరం. సంభావ్యతాశాస్త్ర చరిత్రను పరిశోధించిన ఇయన్ హ్యాకింగ్ 1975లో వెలువరించిన గ్రంథంలో ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. కాని ఒక్క చిక్కున్నది. ఆ విద్య నేర్చిన నలుడు పుష్కరుణ్ణి ఒకే ఒక్క పందెంలో ఓడించి రాజ్యం తిరిగి తీసుకొన్నాడట. కథకు అది శోభ. ఒక్క పందెం గెలిచినవాణ్ణి విద్యావంతుడని గణాంకశాస్త్రం మాత్రం ఒప్పుకోదు.

నేటి రేటింగు పద్ధతికి మూలపురుషుడు అర్పాడ్ ఎలో. ఆయన హంగేరీలో జన్మించి, అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆచార్యుడు. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ సమాఖ్య 1970లోను స్వీకరించాయి. ఇద్దరు ఆటగాళ్ళ అంకెల మధ్య తేడాను బట్టి ఎవరు ఎంత గెలవాలో ముందుగా అంచనా కట్టడం, ఫలితం ఆ అంచనాను దాటితే అంకెను పెంచడం, తగ్గితే తగ్గించడం - ఇంతే అందులోని సూత్రం. 200 పాయింట్లు ఎక్కువ ఉన్నవాడు చదరంగంలో నూటికి 76 వంతుల ఫలితం రాబట్టాలి.

పాచికల ఆటకు ఈ పద్ధతిని అన్వయించిన తొలి ప్రయత్నాలలో పేర్కొనదగినది బ్యాక్‌గామన్. రెండు పాచికలతో, చెరి పదిహేను కాయలతో ఆడే ఈ ఆట మన పచ్చీసుకు దూరపు బంధువు వంటిది. ఇంటర్నెట్టులో దీనికై ఫిబ్స్ అన్న సర్వరు 1992లో వెలసింది. దాని సూత్రంలో ఆటగాళ్ళ అంకెల తేడాతో బాటు మ్యాచ్ ఎన్ని పాయింట్లకు ఆడుతున్నారన్నది కూడా ప్రవేశిస్తుంది. ఆ సూత్రం ప్రకారం లెక్క వేస్తే, 200 పాయింట్లు ఎక్కువ ఉన్నవాడు ఒక పాయింటు మ్యాచ్‌లో గెలిచే అవకాశం నూటికి 56 మాత్రమే. తొమ్మిది పాయింట్ల మ్యాచ్‌లో అది 67కు పెరుగుతుంది. ఇరవై ఐదు పాయింట్ల మ్యాచ్‌లో 76కు చేరుతుంది. అనగా చదరంగంలో ఒక్క ఆట తేల్చే విషయాన్ని పాచికల ఆటలో తేల్చాలంటే ఇరవై ఐదు పాయింట్ల సుదీర్ఘ సమరం కావాలన్నమాట! ఒక ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా అని వాదించేవారు ఈ లెక్కను తప్పక చూడాలి. నైపుణ్యం ఆటలో ఎంత ఉన్నదన్నది సగం ప్రశ్న. ఎంతసేపు ఆడారన్నది తక్కిన సగం.

దీన్నే మరొక విధంగా చూడవచ్చు. నూటికి 55 ఆటలు గెలవగల సమర్థుడు ఇరవై ఆటలు ఆడితే, వాటిలో సగానికన్న తక్కువ గెలిచే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. వంద ఆటలు ఆడినా అతని ఆధిక్యం ఒక ప్రామాణిక విచలనానికి మించదు. దాదాపు నాలుగు వందల ఆటల తరువాత గాని ఇతడు నిజంగా మెరుగైనవాడని కొంత ధైర్యంతో చెప్పడానికి వీలుండదు. శని, ఆదివారాలలో పాతిక ఆటలు ఆడి ఎగిరిన అంకెను చూచి మురిసిపోయే తండ్రీ, పడిన అంకెను చూచి మందలించే తల్లీ ఇద్దరూ చూస్తున్నది ఎక్కువ భాగం పాచికలనే.

రసాయన ప్రయోగశాలలో పదార్థాన్ని తూచేముందు ఖాళీ పాత్రను తూచి, ఆ బరువును తీసివేస్తారు. ఆటలో కూడా అదృష్టాన్ని అట్లా విడిగా తూచి తీసివేయగలమా? తీసివేయగలమని గత మూడు దశాబ్దాల పరిశోధన నిరూపించింది. ఐ.బి.ఎం. సంస్థలో జెరాల్డ్ టెసారో 1992లో తయారుచేసిన ప్రోగ్రాము తనతో తానే లక్షలాది ఆటలు ఆడి, బ్యాక్‌గామన్‌లో అగ్రశ్రేణి మానవులకు దీటుగా నిలిచింది. దాని తరువాత వచ్చిన ప్రోగ్రాములు బల్ల మీది ప్రతి స్థితికీ విలువ కట్టగలవు. రెండు పాచికలకు గల 36 ఫలితాల సగటు విలువ ఒకటి. వాస్తవంగా పడిన పందెం వల్ల వచ్చిన విలువ మరొకటి. ఈ రెండింటి తేడాయే అదృష్టం. ఆ పందేనికి వేయదగిన ఉత్తమమైన ఎత్తుకూ, ఆటగాడు వేసిన ఎత్తుకూ గల తేడా అతని దోషం. ఈ దోషాల సగటు చిన్నదైతే వాడు సమర్థుడు, గెలిచినా ఓడినా సరే.

ఈ కొలత గొప్పతనం ఎక్కడున్నదంటే, ఒక ఆట ముగిస్తే గెలుపోటముల సమాచారం ఒక్కటే దొరుకుతుంది. అదే ఆటలో నిర్ణయాలు మాత్రం పదుల సంఖ్యలో ఉంటాయి. కనుక తక్కువ ఆటలతోనే సమర్థత బయటపడుతుంది. పిల్లల రేటింగులను గురించి పట్టించుకొనే పెద్దలు గెలుపుల పట్టీకి బదులు ఈ దోషాల పట్టీని అడగడం మేలు.

ఇది కంప్యూటరుకే పరిమితమైన విద్య కాదు. మన అష్టాచెమ్మాను తీసుకొందాం. నాలుగు గవ్వలూ సమంగా పడతాయనుకొంటే రెండు పడే అవకాశం పదహారింట ఆరు. ఒకటికీ మూడుకూ చెరి నాలుగు. చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. ప్రత్యర్థి కాయకు రెండు గళ్ళ ముందు తన కాయను నిలిపినవాడు, నాలుగు గళ్ళ ముందు నిలిపినవాడికన్న ఒక్క పందెంలో ఆరు రెట్లు ప్రమాదాన్ని కొనితెచ్చుకొన్నట్లే. ఆ పందెంలో కాయ చావకపోవచ్చు, తప్పు తప్పే. (నిజానికి గవ్వ సమంగా పడదు, దాని వీపు గుండ్రన. నాలుగు వందల సార్లు వేసి చూస్తే ఆ పక్షపాతం నూటికి ఐదు వంతుల లోపు తేడాతో తేలుతుంది. వేసవి సెలవులలో పిల్లలకు ఇంతకన్న మంచి ప్రయోగం దొరకదు.)

ఇక ఈ చర్చ వినోదం హద్దు దాటే చోటు ఒకటున్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో జరిగిన పేకాట కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును న్యాయవాదులు 1968 నాటి సత్యనారాయణ కేసుగా ఉదాహరిస్తారు. రమ్మీలో ముక్కలను గుర్తుంచుకోవడానికి, ఏది ఉంచాలో ఏది పారవేయాలో తేల్చుకోవడానికి నైపుణ్యం కావాలి గనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని న్యాయమూర్తి హిదయతుల్లా అందులో చెప్పారు. ఆ మాట సత్యమే. కాని అర్ధ శతాబ్దం తరువాత చేతిలోని ఫోనులో డబ్బు పెట్టి ఆడించే వ్యాపారాలకు అదే మాట కవచమయింది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు ఆమోదించిన చట్టం, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో నైపుణ్యమా అదృష్టమా అన్న భేదాన్నే పక్కకు నెట్టివేసింది.

ఈ భేదాన్ని వదలివేయడం శాస్త్రానికి విరుద్ధమని కొందరి విమర్శ. లెక్క దానికి వ్యతిరేకంగా ఉన్నది. ఇద్దరు చెరి వంద రూపాయలు పెట్టి ఆడుతున్నారనీ, మొత్తంలో నూటికి పది నిర్వాహకుడు తీసుకొంటాడనీ అనుకొందాం. గెలిచినవాడికి 180 ముడుతుంది. నూటికి 55 ఆటలు గెలిచే సమర్థునికి సగటున 99 రూపాయలు తిరిగివస్తాయి. వాడు కూడా ఆటకొక రూపాయి నష్టపోతున్నాడు. వాడి చేతిలో ఓడేవాడికి వచ్చేది 81. పైగా ఆటలో నైపుణ్యం పాలు ఎంత పెరిగితే బలహీనుడి నష్టం అంత నిశ్చయమవుతుంది. శుద్ధ అదృష్టపు ఆటలో వాడికి అప్పుడప్పుడయినా ఊరట ఉండేది. నైపుణ్యపు ఆట అన్న ముద్ర అమాయకునికి రక్ష కాదు, ఉరి.

ఆస్ట్రేలియాలో 2024 సెప్టెంబరు 22 నుండి అమలులోకి వచ్చిన వర్గీకరణ నియమాల ప్రకారం జూదాన్ని అనుకరించే కొత్త కంప్యూటరు ఆటలు పద్దెనిమిదేళ్ళు నిండినవారికే పరిమితం. డబ్బు చెల్లించి, ఏమి వస్తుందో తెలియని పెట్టెలు తెరిచే ఆటలకు కనీసం ఎం వర్గం ఇవ్వాలి. ఆ వర్గం పదిహేనేళ్ళ లోపువారికి తగదన్న సూచన మాత్రమే, నిషేధం కాదు. సన్నీబ్యాంక్ తల్లిదండ్రులు ఆట కొనేముందు ఆ అక్షరాన్ని ఒకసారి చూడడం అవసరం.

రేటింగుల విషయంలో మాత్రం ఈ దేశపు చదరంగ సమాఖ్య ఒక మంచి సంప్రదాయాన్ని పాటిస్తున్నది. అమెరికా గణాంకవేత్త మార్క్ గ్లిక్‌మన్ రూపొందించిన పద్ధతిలో ప్రతి అంకెకూ దాని అనిశ్చితి కూడా తోడుగా ఉంటుంది. కొత్త ఆటగాడికి 1500 ఇస్తూనే ఆ అంకెను ఇంకా నమ్మరాదని 350 విచలనాన్ని జత చేస్తారు. సమాఖ్య జాబితాలో నమ్మదగిన రేటింగు పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు, నమ్మరాని దాని పక్కన రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. పాచికల ఆటలను తయారుచేసేవారు తెర మీద ఆ రెండు ప్రశ్నార్థకాలను చేర్చడానికి ఖర్చేమీ కాదు. వారు చేర్చేదాకా ఆ పని ఇంట్లో పెద్దలే చేయవలసి ఉంటుంది.