పదేళ్లు ఉన్నవారికే!

పేద కుటుంబాలకు నెలనెలా కనీస ఆదాయం ఇచ్చే పథకాన్ని ఇటలీ 2019లో తెచ్చింది. పేరు 'పౌరసత్వ ఆదాయం'. పేరు అదే అయినా, 2023 చివర్లో అది రద్దయ్యే దాకా దీర్ఘకాల నివాస అనుమతి ఉన్న విదేశీయులూ అడగగలిగేవారు. షరతు ఒకటి: దేశంలో 10 ఏళ్లు నివసించి ఉండాల్సి వచ్చేది, చివరి 2 ఏళ్లు ఎడతెగకుండా.

ఈ షరతు ఇటలీ పౌరులకూ ఉండేది కదా, ఇందులో వివక్ష ఏముంది అనవచ్చు. కాగితం మీద నిజమే. ఆ గడ్డ మీద పుట్టి పెరిగినవారికి పదేళ్లు ఒక లెక్క కాదు. పొలాల్లోనో, ఎవరి ఇంట్లోనో ముసలివారి సేవలోనో ఏడేళ్లు గడిపిన మనిషికి మాత్రం అదే అడ్డుగోడ అయింది. ఇటలీలో విదేశీ కుటుంబాల్లో పేదరికం స్థానికుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అవసరం ఎక్కువున్న చోటే తలుపు మూశారు.

పదేళ్లు నిండినట్టు తప్పుగా సంతకం చేసి సాయం తీసుకున్నారని నేపుల్స్‌లో ఇద్దరు విదేశీ మహిళల మీద క్రిమినల్ కేసు నడిచింది. ఒక్కొక్కరు తీసుకున్నది మూడు వేల యూరోలకు కాస్త పైన. అక్కడి కోర్టు ఐరోపా న్యాయస్థానాన్ని అడిగింది. 2024 జూలై 29న తీర్పు వచ్చింది. 5 ఏళ్ల చట్టబద్ధ నివాసంతో దీర్ఘకాల హోదా పొందినవారికి సాయంలో స్థానికులతో సమాన హక్కు ఉంది. దాన్ని 10 ఏళ్లకు పెంచడం పరోక్ష వివక్ష. చెల్లని షరతు మీద తప్పు చెప్పారని శిక్షించనూ కూడదు.

ఇది చదువుతుంటే మాకు మన ముంగిలే కనిపించింది. 2023లో తమిళనాడు నెలకు 1,000 రూపాయల మహిళా హక్కు నిధిని, కర్ణాటక 2,000 రూపాయల గృహలక్ష్మిని మొదలుపెట్టాయి. రెండూ ఆ రాష్ట్రపు రేషన్ కార్డు చూసి ఇచ్చేవే. తరాలుగా ఇక్కడున్న మనకు కార్డు ఉంది. నిరుడు శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో వచ్చి, కట్టడం పక్కన రేకుల షెడ్డులో ఉంటున్న ఇల్లాలికి లేదు. 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' కింద ఆమెకు బియ్యం దొరకవచ్చు, ఈ నగదు మాత్రం రాదు. అయినా, 'వీళ్లంతా ఉచితాల కోసమే వచ్చిపడుతున్నారు' అనే మాట ఆరాధన అయ్యాక మనవాళ్ల నోటనే వింటున్నాం. మన తాతలనూ ఇక్కడ ఎవరో ఒకరు బయటివాళ్లన్నారు. అంత త్వరగా మరిచామా?

పని ఇచ్చినవారు రాసిచ్చే కాగితాన్ని చిరునామాగా ఒప్పుకోవాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. సొంత ఊళ్లో పాత కార్డు నుంచి పేరు తీయించుకుని రావాలంటే ఆమెకు రెండు మూడు రోజుల కూలి పోతుంది. ఆ దరఖాస్తులు నింపిపెట్టడానికి మన సంఘాల్లోని చదువుకున్న పిల్లలు ఆదివారం ఒక గంట కూర్చోగలరు.