పెండ్లికి ఫిల్ము నెన్నుకొనుట

పెండ్లి నిశ్చయమైనది మొదలు బేగంబజారులో బిందెలకును, పసుపుకుంకుమలకును, ఎండుఫలములకును దినములకొలఁది బేరము లాడుదుము. ఫొటోల మాట మాత్రము కడపటి వారమునకు విడుతుము. చేతిఫోనులు వచ్చినను ఫిల్ముమీఁద పెండ్లిబొమ్మలు తీయింపఁగోరువారు నేఁటికిని కలరు గావున నీ నెల యా సంగతి ముచ్చటింతము.

ముందుగా విచారింపవలసినది ముహూర్తపు వేళ. ఫిల్ముడబ్బాపై 100, 400, 800 అను నంకెలు వెలుతురును గ్రహించు శక్తిని దెలుపును. 100 ఫిల్మునకు వలయు వెలుతురులో 400 ఫిల్మునకు నాలవవంతు, 800 ఫిల్మునకు ఎనిమిదవవంతు చాలును. అయితే అంకె పెరిగినకొలఁది బొమ్మలో రేణువులు పెద్దవై కనఁబడును. కావున పగటిపూట పందిటి వెలుపల 100 గాని 160 గాని, రాత్రి ముహూర్తమునకును అరుంధతీదర్శనమునకును 400 గాని 800 గాని తగును. పగటి వెలుతురునకై చేసిన రంగుఫిల్ము పాతరకపు పసుపుదీపముల క్రింద తెల్లని మధుపర్కములను నారింజవన్నెగా చూపును. ఫ్లాష్ దీపము వాడిన నా దోషము తగ్గును. వెలుతురు కొంత యెక్కువైనను నెగెటివు ఫిల్ము సహించును. స్లైడు ఫిల్ము సహింపదు.

గడువు తేదీ చూచి కొనుఁడు. వైశాఖపుటెండలో కారులో నుంచకుఁడు. ఫ్రిజ్‌లో దాఁచినచో కొన్ని గంటలముందు వెలికిఁ దీసి, చల్లదనము పోయిన పిమ్మటనే డబ్బా విప్పవలయును. లేనిచో చెమ్మ పట్టును.

ఇఁక ముఖ్యమైన మాట. చుట్టకు 36 బొమ్మలే గదా, అవి యెవరివి? ఘోషాస్త్రీలకును ఫొటో భాగ్యము కలుగవలెనని రాజా దీనదయాళు 1892లో హైదరాబాదున జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లవనిత కప్పగించెను. ఆ తెరలు పోయినను మన యిండ్లలో కొందఱు స్త్రీలు బొమ్మలోనికి రానేరారు. మేనత్త భోజనములకడ నిలిచియుండఁగనే తలంబ్రాలు ముగియును. భర్తను గోల్పోయిన నాయనమ్మ శుభవేళ నెదుటికి రారాదని వెనుకగదిలో కూర్చుండును. ఆమె పోయిన పిదప గోడకుఁ దగిలింప బొమ్మ దొరకక, గుర్తింపుకార్డులోని ముఖమును పెద్దది చేయింతురు.

కావున అమ్మలారా! చుట్టకు నాలుగైదు బొమ్మలు వీరికై మిగుల్పుఁడు. ముందునాఁడే పేర్ల పట్టిక వ్రాసి ఫొటోగ్రాఫరు చేతికిండు. వధూవరుల నడుమ నాయనమ్మను కూర్చుండఁబెట్టి తీయింపవలసిన బొమ్మను అందు మొదట వ్రాయుఁడు.