ఆటను చెక్కే చేతులు

డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి ఇషా నమాజు తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలాకాలం మందలించాము. ఒకనాడు పక్కన కూర్చుని చూస్తే, వాడు ఆడటం లేదు. ‘స్కైరిమ్’ అనే ఆటను మార్చుతున్నాడు. 2011 నవంబరులో వచ్చిన ఈ ఊహాలోకపు ఆటకు కొత్త ఊళ్లు, పాత్రలు, కథలు జోడించవచ్చు. ఆ చేర్పులే ‘మాడ్లు’. వాటిని తయారుచేసే ‘క్రియేషన్ కిట్’ను బెథెస్డా సంస్థ 2012లో ఉచితంగా విడుదల చేసింది.

ఇరవై మాడ్లు ఒకేసారి చేర్చడంతో ఆనాడు ఆట తెరుచుకోలేదు. లోపం దేనిదో తెలియలేదు. మరుసటి ఆదివారం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తీసుకువెళ్లి శిల్పుల పని చూపించాము. గీత గీసి, కొద్దికొద్దిగా చెక్కుతూ, ఆగి చూసుకుంటున్నారు. రాతిమీద తప్పు దెబ్బ పడితే తిరిగి రాదు. కంప్యూటర్‌లో మూలప్రతిని దాచుకుంటే వస్తుంది.

ఇప్పుడు వాడు ముందుగా ఆట నకలు దాస్తాడు. ‘మాడ్ ఆర్గనైజర్’ ద్వారా ఒక్కొక్క మాడ్ చేర్చి, ఆట తెరిచి పరీక్షిస్తాడు. రెండు మాడ్లు ఒకే అంశాన్ని మార్చితే, వరుసలో చివరిదే చెల్లుతుంది. కనుక వరుసను కాగితంపై రాసుకుంటాడు.

ఆస్ట్రేలియా న్యాయవాది నిక్ పియర్స్ ఇలాగే చేసిన ‘ది ఫర్‌గాటెన్ సిటీ’ అనే మాడ్ 2021లో స్వతంత్రమైన ఆటగా వెలువడింది.

అయితే స్కైరిమ్‌లో హింస ఉంది. అమెరికాలో దానిని 17 ఏళ్లు నిండినవారికే సూచించారు. మాడ్లలో అసభ్యమైనవీ ఉంటాయి. కనుక తల్లిదండ్రులారా, చిన్నపిల్లలకు వద్దనండి. పెద్దపిల్లలను “ఎంతసేపు ఆడావు?” అని మాత్రమే కాక, “ఈరోజు ఏమి తయారుచేశావు?” అనీ అడగండి.