సరుకు బండికి సోకు చక్రాలా?

బరంపురంలో పికప్ నడుపుకునేవాళ్లు తరచూ వినే మాట ఒకటుంది. కంపెనీ ఇచ్చిన ఇనుప చక్రాలు తీసేసి వెడల్పాటి అల్లాయ్‌లు వేయిస్తే బండి తేలికవుతుందట, మైలేజీ పెరుగుతుందట, ఘాట్‌లో పట్టు దొరుకుతుందట, ఉప్పుగాలికి తుప్పు పట్టదట. లోడు మోసి బతికే బండి విషయంలో వీటిలో ఒక్కటీ నిలవదు. పైగా ఈ సలహా ప్రాణాల మీదికి తెస్తుంది.

అన్నిటికన్నా ముందు బరువు. చంద్రగిరి వైపు నుంచి మొక్కజొన్న బస్తాలు వేసుకుని తప్తపాణి ఘాట్ దిగే బండికి వెనక ఇరుసు మీద రెండు టన్నులు పడ్డాయనుకోండి. ఒక్కో చక్రం టన్ను మోయాలి. అదీ బండి కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. గుంతలో దిగబడితే ఆ దెబ్బ ఇంకెంతో పెద్దది. ఇప్పుడు దుకాణంలో ఆ మెరిసే చక్రాన్ని బోర్లించి వెనకవైపు చూడండి. రిమ్ము వెడల్పు, ఈటీ అనే అంకె, చాలావాటి మీద మోయగల గరిష్ఠ బరువు పోత అక్షరాల్లో కనిపిస్తాయి. కార్ల కోసం చేసిన చక్రమైతే ఆ బరువు సాధారణంగా 600, 700 కిలోల దగ్గరే ఆగిపోతుంది. బోల్టు రంధ్రాలు కుదిరాయి కదా అని దాన్ని పికప్‌కి బిగించేవాళ్లు ఈ అంకె వైపే చూడరు. బరువు అంకె లేని చక్రమైతే అసలు ముట్టుకోకండి.

ఈటీ అంటే చక్రం నడిమధ్యకీ, హబ్‌కి ఆనుకునే ముఖానికీ ఉన్న దూరం, మిల్లీమీటర్లలో. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి పొడుచుకొస్తుంది. కుర్రాళ్లు ముచ్చటపడేది దానికే. కానీ అలా బయటికి జరిగిన బరువు బేరింగును ఒకపక్కకు వంచుతూనే ఉంటుంది. స్పేసర్లు వేసినా జరిగేది అదే.

మైలేజీ, పట్టు మాటకొస్తే, 215/75 ఆర్15 టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. వెడల్పు రిమ్ముకని దాని బదులు 235/75 వేస్తే 733 అవుతుంది, అంటే నాలుగు శాతం పైచిలుకు పెరిగింది. చక్రం దగ్గరికి వచ్చే లాగుడు అంత మేరా తగ్గుతుంది. అదే బండిని ఆపాలంటే బ్రేకు అంత మేరా ఎక్కువ శ్రమపడాలి. ఘాట్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనకు కావలసింది ఈ రెండే కదా! స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది. రిమ్ములో మిగిలిన రెండు మూడు కిలోలను వెడల్పు టైరే తినేస్తుంది, ఇక మైలేజీ పెరిగేదెక్కడ?

తుప్పు పట్టదన్న మాట గంజాం జిల్లాలో మరీ అన్యాయం. గోపాలపూర్ తీరంలో, హుమ్మ ఉప్పుమళ్ల దగ్గర, రంభ నుంచి ఎండుచేపలు మోసే దారిలో ఉప్పు దేన్నీ వదలదు. ఇనుము తుప్పు పైకి కనిపిస్తుంది, గీకి రంగు వేస్తాం. అల్లాయ్ మీద కంకర తగిలి పూత లేచిందంటే, దాని కింద తెల్లటి పొడి పొంగుతుంది. టైరు ఆనే అంచులో అది మొదలైతే గాలి రోజూ కొంచెం కొంచెం దిగిపోతుంది. గుంత దెబ్బకు ఇనుప రిమ్ము వంగుతుంది, పోత అల్లాయ్ పగులుతుంది. పగులుకు వెల్డింగు పెట్టించి లోడు వేయకూడదు.

ఆర్టీవో పట్టించుకోడనడం అసలు వాదనే కాదు. సరుకు బండి రిజిస్ట్రేషన్‌కు ఇచ్చే ఫారం 20లో టైర్ల సైజు ఇరుసుల వారీగా రాస్తారు. కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది.

సొంతానికి, ఖాళీగా తిరిగే ఇసుజు వీ-క్రాస్‌కు కంపెనీయే అల్లాయ్‌లు ఇస్తుంది. వాటి మీద నాకు అభ్యంతరం లేదు. బస్తాలు మోసే బండికి మాత్రం అదే సైజు ఇనుప రిమ్ము, ఐఎస్‌ఐ గుర్తున్నది, వేయించండి. ఇంకా అల్లాయే కావాలనేవారు స్టెప్నీ సంగతి ఆలోచించారా? నాలుగే కొంటారు, ఐదోది పాత ఇనుపదే. చాలా అల్లాయ్‌లకు నట్లు వేరు. అర్ధరాత్రి తప్తపాణి మలుపులో లోడుతో పంక్చరైతే, పాత నట్లు ఇంట్లో ఉంటాయి. ఎలాగో బిగించినా, వెనక ఇరుసుకు ఒకపక్క ఎత్తు చక్రం, ఇంకోపక్క పొట్టి చక్రం పెట్టుకుని ఆ ఘాట్ దిగాలి.